ఆకాశరామన్న ఉత్తరంలోని సిరా

అప్పట్లో అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఒక సోమవారం మేనేజర్ పిలిచి, సంతకం లేని కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. కెమిస్ట్రీ మేడం సిలబస్ వదిలేసి ప్రయోగాలతో కాలక్షేపం చేస్తున్నారని నల్ల సిరాతో రాసి ఉంది. అక్షరాలు కావాలనే వంకర తిప్పినట్టున్నాయి.

"ఎవరు రాసిన్రో తెల్వదు. జర చూస్కోండి మేడం," అన్నాడు.

నాకు వెంటనే ఫిజిక్స్ సార్ గుర్తొచ్చారు. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ ఆయనదే. కాకినాడ నుంచి వచ్చి పంజాగుట్టలో ఉంటున్నారు. నా క్లాసు ఐదు నిమిషాలు ఎక్కువైతే చాలు, తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకునేవారు. జేబులో ఎప్పుడూ నల్ల పెన్నే. ఇన్నాళ్లూ పట్టించుకోని ఈ సంగతులన్నీ ఆ రోజు నుంచి సాక్ష్యాల్లా కనిపించసాగాయి.

ఆ వారమే పిల్లలకు క్రొమటోగ్రఫీ చెప్పాను. ఒకే రంగులా కనిపించే సిరాలో ఎన్ని రంగులు కలిసి ఉంటాయో విడదీసి చూపించే పాఠం అది. క్లాసయ్యాక సార్ పెన్ను అడిగి తీసుకుని, వడపోత కాగితం ముక్క మీద చుక్క పెట్టాను. ఉత్తరంలోంచి ఒక అక్షరం కత్తిరించి, రెండు బొట్ల స్పిరిట్‌లో నానబెట్టి, దిగిన సిరాను ఆ చుక్క పక్కనే అద్దాను. చుక్కలు మునగకుండా కాగితం కొసను మాత్రం స్పిరిట్‌లో ఉంచి చూస్తూ కూర్చున్నాను. తడి మెల్లగా పైకి పాకింది. రెండు చుక్కలూ ఒకేలా విడిపోయాయి. కింద ఊదా, దాని మీద నీలం, పైన లేత పసుపు.

దొరికాడు అనుకున్నాను.

రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. టీ తెచ్చిస్తే వద్దన్నాను. లేచి వెళ్లేటప్పుడు నా నోట్సు బ్యాగులో పెట్టి జిప్పు వేసుకునేదాన్ని. చివరికి ఆయనే అడిగారు.

"ఏంటండీ మేడం, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

ఆ కాగితం ముక్కనూ, ఉత్తరాన్నీ తీసి బల్ల మీద పెట్టాను. "ఇది మీరే రాశారని మీ పెన్నే చెప్పింది సార్."

ఆయన ముఖం పాలిపోయింది. గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి దగ్గరికొచ్చింది.

"అయ్యో మేడం, గీ పెన్నులు అందరికీ నేనే పంచిన. ఒక్క డబ్బాలవే. మీకు సుత ఇచ్చిన కద!"

బ్యాగులోంచి నా పెన్ను తీసి, వాళ్లిద్దరి ముందే ఇంకో వడపోత కాగితం మీద చుక్క పెట్టి, కొసను స్పిరిట్‌లో ఉంచాను. మళ్లీ ఊదా, నీలం, పసుపు. నా పరీక్షను నమ్మితే ఆ ఉత్తరం నేనే రాసుకుని ఉండొచ్చు. మిగతా పెన్నులతో పోల్చి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

సిగ్గుతో తల దించుకుని క్షమించమన్నాను.

"పర్లేదండీ," అన్నారు సార్. కానీ నా వైపు చూడలేదు. మర్నాటికి ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి మారింది.

ఉత్తరం రాసిందెవరో ఇప్పటికీ తెలియదు. మేనేజరే రాశాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనిపించగానే నా మీద నాకే కోపం వస్తుంది.