బూడిదరంగు గ్లౌజులు

లండన్‌లో విదేశాంగ శాఖ మెట్లు ఎక్కి దిగడంలోనే ఆంబ్రోస్ థర్ల్‌బీ జుట్టు సగం నెరిసింది. పెద్ద పదవులకు అర్రులు చాచే మనిషి కాదు. పోర్చుగల్‌లో, ఏడాదంతా వెచ్చగా ఉండే లిస్బన్ రాయబార కార్యాలయంలో చిన్న ఉద్యోగం దొరికితే చాలనుకున్నాడు, అదీ భార్య లెటీ కోసమే. ఆమె ఊపిరితిత్తులకు లండన్ చలి పడటం లేదు. ఇంకో చలికాలం ఇక్కడే గడిపితే కష్టమని డాక్టరు తేల్చేశాడు.

మంత్రిగారు అతని పేరే సిఫారసు చేశారు. కానీ మంత్రి ఒప్పుకుంటే సరిపోతుందా? దేశం తరఫున బయటికి వెళ్లే మనిషిని రాణిగారు కళ్లారా చూడాలి, నచ్చకపోతే పేరు కొట్టేయాలి. భర్త పోయాక ఆవిడకు ఆ పట్టుదల మరీ ఎక్కువైంది. విండ్సర్ కోటకు రమ్మని ఆంబ్రోస్‌కు కబురొచ్చింది.

ఎవరో జర్మన్ దొర పోయినందుకు ఆస్థానం పాటించిన సంతాపం ముందురోజే ముగిసిందని పత్రికలో వేశారు. లెటీ సంతాపానికి తొడిగే నల్ల గ్లౌజులు లోపల పెట్టేసి, బూడిదరంగువి తీసింది.

"నల్లవే వేసుకుంటాలే," అన్నాడు ఆంబ్రోస్.

"గడువు అయిపోయాక కూడా నల్లవేంటండీ? వేరేవి లేవనుకుంటారు. ఇవి తొడుక్కెళ్లండి, కాస్త మనిషిలా కనబడతారు."

విండ్సర్‌లో రాణిగారు మనిషిని చూడలేదు, గ్లౌజులే చూశారు. పత్రికలో వేసిన గడువు పేరుకే గానీ, ఆవిడ గడప లోపల సంతాపానికి గడువు లేదు. ఆవిడనీ తప్పుపట్టలేం, పోయిన భర్తను ఇంకా మరవలేదు పాపం. కోటలో వంటవాళ్లకు సైతం తెలిసిన ఆ సంగతి ఆంబ్రోస్‌కు చెప్పినవాడు లేడు.

వారం తిరక్కుండా పై అధికారి క్రూడ్సన్ పిలిచాడు.

"లిస్బన్ పోయిందయ్యా. దుఃఖం విలువ తెలియని మనిషి అన్నారట ఆవిడ. రష్యాలో, పీటర్స్‌బర్గ్‌లో ఖాళీ ఉంది, పోతావా?"

"మా ఆవిణ్ని ఆ మంచులోకి తీసుకెళ్లి ఏం చేసుకోమంటారు సార్?"

లిస్బన్‌లో ఖాళీ లేదట అని ఇంట్లో చెప్పాడు. లెటీ దగ్గు ఆపుకుని అతని చేతుల వంక చూసింది.

"గ్లౌజుల వల్లేగా?"

"కాదు."

"అబద్ధమాడటం కూడా రాదు, మీరేం రాయబారం చేస్తారండీ?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "నా చేత్తో నేనే చెడగొట్టాను. ఆ పాడు గ్లౌజులు పొయ్యిలో పడేయండి."

ఆంబ్రోస్ పడేయలేదు. లెటీ ఆ చలికాలం దాటలేదు.

శ్మశానంలో అతను తల నుంచి కాలి దాకా నల్లబట్టల్లో ఉన్నాడు, చేతులకు మాత్రం బూడిదరంగు గ్లౌజులు. "ఇంత జరిగినా ఈయనకు బుద్ధి రాలేదు," అని క్రూడ్సన్ పక్కవాడితో గొణిగాడు. ఆంబ్రోస్‌కు వినబడింది. అతను వంగి, లెటీ ఏరి తీసిన ఆ గ్లౌజులతోనే పిడికెడు మట్టి తీసి ఆమె మీద వేశాడు.