కొస మడి నుంచి కేక

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను చోడవరంలో నా కుట్టు షాపులో కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. తమ్ముడు ఫోన్ చేసేడు. "అప్పా, అత్త ఎలిపోయింది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూకుంది. అంతే" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఓలమ్మా, నీళ్లొదిలే వారంలోనా పోవడం!" అని పైకే అనేసేను. జాకెట్టు కోసం వచ్చినావిడ బిత్తరపోయి నా మొహం చూసింది.

ఆ కోపం మీకు అర్థం కావాలంటే మా అత్త ఎవరో, మా కాలవ ఏటో చెప్పాలి.

పేపర్లలో "అభివృద్ధి ఆర్థికవేత్త" అని రాసేరు. రాయనీండి, తప్పు కాదు. ఢిల్లీలో పాఠాలు చెప్పింది, ఎక్కడెక్కడి దేశాలో తిరిగింది, పెద్ద కమిటీల్లో కూర్చుంది, తగువుపడి లేచొచ్చేసింది. కానీ ఆవిడ పుట్టింది మా ఊళ్లోనే. చోడవరం నుంచి రోలుగుంట వెళ్లే దారిలో దిగి లోపలికి నడవాలి. ఊరికి ఒక చెరువు, చెరువు కింద ఒక కాలవ. తూము పక్కన మళ్లన్నీ పెద్ద రైతులవి. కాలవ కొసన మావి, అంటే చర్చికెళ్లే ఇళ్లవాళ్లవి. మా తాత ఆ కాలవలో పూడిక తీసే కూలీ. కష్టపడి కొసన ఒక ముక్క సంపాదించేడు గానీ, ఆ ముక్కకి నీళ్లు మాత్రం సంపాదించలేకపోయేడు. ఊడుపుల కాలంలో పైవాళ్ల మళ్లు తళతళలాడుతుంటే మా నారు ఎండి పసుపు తిరిగేది.

"నా మొదటి ఎకనామిక్స్ క్లాసు ఈ గట్టు మీదే అయ్యిందే గుంటా" అనేది అత్త. "పైన నిండితే కిందకి అదే కారతాదని పెద్ద పెద్దోళ్లు పుస్తకాలు రాసేరు. నేను పుట్టినకాడ్నించీ సూస్తన్నాను. పైన నిండడం సూసేను, కారడం సూళ్లేదు. పైవోడి మడి నిండితే నీళ్లు కారవు, ఆడి గట్టు ఎత్తవుతాది."

ఈ మాటే ఢిల్లీలో ఏదో మీటింగులో ఇంగ్లీషులో అందట. తర్వాత కొన్నాళ్లు ఎవరూ పిలవలేదట. అది చెప్పి పడీ పడీ నవ్వేది.

మా అత్తకి కొన్ని చిత్రమైన అలవాట్లుండేవి. బస్సు ఖాళీగా ఉన్నా ఆఖరి సీట్లోనే కూర్చునేది. గోతులకి నడుం విరిగిపోతుందే అంటే, "ఇక్కడ్నించయితే బస్సంతా కనపడతాది" అనేది. రేషన్ షాపులో ఎవరైనా గౌరవించి ముందుకి రమ్మంటే తిట్టేది. ఎవరితోనైనా గట్టిగా తగువుపడితే మర్నాడు వాళ్లింటికి మాడుగుల హల్వా వెళ్లాల్సిందే. మాట వెనక్కి తీసుకున్నట్టు కాదు సుమండీ. హల్వా ఇచ్చి అదే మాట మళ్లీ చెప్పేది.

ఆవిడ సిద్ధాంతం ఏమిటని ఎవరైనా అడిగితే నేను నా పెళ్లి గురించి చెప్తాను. భోజనాల దగ్గర మగపెళ్లివాళ్లు పంక్తి మొదట్లో దర్జాగా కూర్చున్నారు. మా అత్త కోడికూర బకెట్టు అందుకుని నేరుగా కొసకి పోయింది. అక్కడ కూర్చున్నది పందిరేసినవాళ్లూ, డప్పులవాళ్లూ, గిన్నెలు తోమేవాళ్లూ. వాళ్లకి వడ్డించుకుంటూ వెనక నుంచి ముందుకొచ్చింది. ఇంకేముంది, మా మావగారి దగ్గరకి వచ్చేసరికి బకెట్టులో పులుసే మిగిలింది. మా నాన్న పంచె ఎగ్గట్టి పరిగెత్తి, వంటవాడి మీద కేకలేసి, ఇంకో గిన్నెడు కూర వండించి తెచ్చేడు.

"నా పెళ్లిలోనేనా నీ ఎకనామిక్సు!" అని తర్వాత గయ్యిమన్నాను.

అత్త చల్లగా చెయ్యి తుడుచుకుంటూ అంది: "ఒసే, ఎవలైనా ఆకలితో లేచేరా? లేదు కదా. పంక్తి మొదట్లో తక్కువైతే మీ నాన్న పరిగెట్టి ఇంకో గిన్నె వండిస్తాడు. కొసన తక్కువైతే, 'అయిపోయింది బాబూ, సర్దుకోండి' అంటాడు. అందుకే కొస నుంచి వడ్డించాల. తక్కువ ఎప్పుడూ పెద్దోళ్ల ఆకులోనే పడాల. అప్పుడే తక్కువ పోతాది."

మా మావగారు ఆ మాట విన్నారు. ఇప్పటికీ ఏ పెళ్లికెళ్లినా ముందు కొసనున్న ఆకులకేసి చూసి కూర్చుంటారు.

రిటైరయ్యేక అత్త విశాఖపట్నంలో ఉంటుందనుకున్నాం. ఊరికొచ్చి, కొస మడి పక్కన మా పాత ఇల్లు బాగు చేయించుకుంది. వచ్చిన కొత్తలో ఒక ఆఫీసరు మ్యాపు పట్టుకొచ్చి మర్యాదగా చూపించేడు. మా ఊరంతా ఆకుపచ్చ రంగు, అంటే నీటి వసతి ఉన్న ఊరని. అత్త ఆయన్ని మడి గట్టు మీదకి తీసుకెళ్లి, "బూట్లు మట్టయిపోయేయి, కాళ్లు కడుక్కోండి బాబూ" అంది. ఆయన అటూ ఇటూ చూసేడు. కాలవలో పల్లేరుకాయలు తప్ప ఏమీ లేవు. మంచివాడే పాపం, నవ్వి, ఆ మ్యాపు మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

ఆ ఏడు పంచాయితీ అరుగు మీద అత్త అడిగేసింది. ఇకమీదట నీళ్లు కొస నుంచి కట్టాలి. కొస మడి తడిసేక దాని పై మడి, ఆ తర్వాత దాని పైది. తూము పక్కవాడు అందరికన్నా ఆఖరు. ఊరు ఊరంతా గొల్లుమని నవ్వింది. తూము పక్కనే మొదటి మడి ఉన్న పెద్దాయన, చుట్టం కాకపోయినా మేమంతా తాతా అనే మనిషి, తువ్వాలు దులిపి లేచేడు. "పెద్ద సదువు సదివి ఇదా నేర్సుకొచ్చేవు ప్రొఫెసరమ్మా? తల తడవకుండా కాళ్లు తడుస్తాయా?" అన్నాడు. మా పాస్టరుగారు సర్దిచెప్పబోయి, "ఆవిడ కొత్తగా ఏమన్నారు, కడపటివారు మొదటివారగుదురని వాక్యంలో ఉన్నదే కదా" అన్నారు. "వాక్యంలో ఉంది పాస్టరుగారూ, కాలవలోకి రాలేదు" అంది అత్త. దానికి తాత కూడా నవ్వేసేడు. సరే, ఒక్క ఏడు చూద్దాం అన్నారు.

ఆ మొదటి ఏడు మేం అయిన అల్లరి ఇంతా అంతా కాదు. పైవాళ్లంతా గండ్లు మూసేరు. నీళ్లు మా కొస మడికి బుసబుసా వచ్చేయి. వచ్చినట్టే వచ్చి, మడి దాటి, రోడ్డెక్కి, వాగులోకి పోయేయి! ఎందుకంటే మా మళ్లకి కింద గట్లే లేవు. పై మడి నుంచి ఏ కాస్త జారితే ఆ కాస్త పట్టుకోవడానికి పై గట్టు ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్లం. కింద గట్టు ఎవడు వేస్తాడు? ఎప్పుడైనా నీళ్లొస్తే కదా! ఆ సంగతి మా నాన్నకీ తోచలేదు, నాకూ తోచలేదు, ఢిల్లీ చూసొచ్చిన అత్తకీ తోచలేదు. "సూసేవా, నీ ఎకనామిక్సు రోడ్డు మీద పారతంది!" అని తాత తూము దగ్గర్నుంచి వచ్చి మరీ చూసి వెళ్లేడు.

నేనైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అత్త రోడ్డు మీద పారే నీళ్లలో చెప్పులు విప్పి నిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. తర్వాత మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, "తప్పు నాదే. నీళ్లడిగేను గానీ గట్టు మాట మర్సిపోయేను. తరతరాలు రానిదాని కోసం ఎవలు గట్టేస్తారు? నా పుస్తకాలన్నిట్లోనూ ఈ అధ్యాయం లేదర్రా" అంది. మర్నాడే పార పట్టుకుంది. ఆపైన వచ్చిన వేసవంతా కొస మళ్లవాళ్లం కలిసి ఒకరి గట్టు ఒకరం వేసుకున్నాం. ఎవరి మడి గట్టు ముందు వేయాలని తగువొచ్చింది. కొసదే ముందన్నాం. అది కూడా అలవాటైపోయింది మరి.

ఇంకో పద్ధతి కూడా పెట్టింది. కొస మడి తడిసేక అక్కడ్నుంచి "అందిందీ" అని కేకెయ్యాలి. ఆ కేక మడి నుంచి మడికి తూము దాకా వెళ్లాలి. ఎవరి మడి ఎవరి తర్వాతో అందరికీ తెలిసిందే, కేక చేరేకే వరసన గండ్లు తీస్తారు. ఈ రోజుల్లో కేకలేటి, ఫోను చేస్తే పోలేదా అన్నాడు తమ్ముడు. "ఫోను ఇద్దరికే ఇనపడతాదిరా. కేక ఊరందరికీ ఇనపడతాది. అబద్ధమాడ్డం కష్టం" అంది. ఏటా ఆ మొదటి కేక ఆవిడే వేసేది. అంత బక్క మనిషికి అంత గొంతు ఎక్కడిదో! తూము దగ్గర తాత మాత్రం పలికేవాడు కాడు. మూతి ముడుచుకుని తన గండి తీసుకునేవాడు.

ఆ తర్వాత వానలు తగ్గిన ఏడు వచ్చింది. తక్కువ మొదటిసారి తాత మడిలో పడింది. చూడాలి ఆయన హడావుడి! పాడైపోయిన తూము తలుపు సందుల్లోంచి చెరువు నీళ్లు వేళ కాని వేళ కారిపోతున్నాయని మా నాన్న ఎన్నేళ్లు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తాత తెల్లచొక్కా తొడుక్కుని తన తోటివాళ్లని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేడు. పంట కాలం తిరక్కుండానే కొత్త తలుపు బిగిసింది. అత్త ఆయనకి హల్వా పంపింది. "హల్వా బాగుంది, మాట బాలేదని సెప్పండి" అని తాత తిరుగు కబురు పంపేడు.

అయినా ఊళ్లో ఒక మాట వినపడుతూనే ఉండేది: ఇదంతా ఆవిడున్నన్నాళ్లే. పెద్దావిడ, పేరున్నావిడ, మొహమాటానికి ఆగుతున్నారు. కన్నుమూస్తే కాలవ మళ్లీ పై నుంచే. నేను కోపంతో ఊగిపోయి వెళ్లి అత్తకి చెప్తే, ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "నిజమే కావచ్చు. నేనుండగా నడిస్తే అది నా మాట. నేను లేకుండా నడిస్తే అది పద్ధతి. సూడాలంటే నేను పోవాల కదే" అంది. అదీ, నీళ్లొదిలే వారంలో పోయిందంటే నాకు కోపం రావడానికి కారణం. జీవితమంతా చెప్పిన మాట నిలబడుతుందో లేదో మా మీద వదిలేసి పోయింది.

కొస మడి అవతలున్న సమాధుల తోటలో పెట్టేం. ఎవరెవరో పెద్దవాళ్లొచ్చేరు, మంచి మాటలు చెప్పేరు. తాత లోపలికి రాలేదు. ప్రహరీ బయట నిలబడి, సమాధి వైపు కాకుండా మా మడి గట్లకేసి చూస్తున్నాడు. "అప్పా, ఈ ఏడు ఏటవుతాదో" అని తమ్ముడు నా చెవిలో గొణిగేడు. నాకూ అదే బెంగ. నారు ఎదిగి ఉంది. నీళ్లు ఆలస్యమైతే ముదిరిపోతుంది.

నీళ్లొదిలే పొద్దున షాపు మూసేసి ఆటో ఎక్కేను. దారి పొడుగునా తాతని అనాల్సిన మాటలు కూడగట్టుకున్నాను, అందులో కొన్ని పాస్టరుగారు వినకూడనివి. ఇంటి దగ్గర దిగి, పార భుజాన వేసుకుని తూము దగ్గరకి వెళ్లేను. తాత తన గండి దగ్గర మోకాళ్ల లోతు బురదలో కూర్చుని, గడ్డీ మట్టీ కలిపి కుక్కుతున్నాడు. తీస్తున్నాడేమోనని వంగి చూసేను. మూస్తున్నాడు.

"ఏటే, పారట్టుకొచ్చేవు? నా బుర్ర బద్దలుగొడతావేటి?" అన్నాడు.

"అవసరమైతే" అన్నాను.

"నీ అత్త పోలికే నీకూ. ఒసే, నీళ్లు మీకు ముందు అందబట్టే కదా మీ కొసోళ్లంతా తూము దాకా వచ్చి పూడిక తీస్తన్నారు. మీరు మానేస్తే నా ముసలి నడుం తీస్తాదా? పద్ధతి పద్ధతే." ఇంకో గుప్పెడు మట్టి కుక్కి, తల ఎత్తకుండా, "ఈ ఏడు హల్వా ఎవలు తెస్తారే నాకు?" అన్నాడు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. కబురు తెలిసినప్పుడు రానిదంతా అప్పుడే వచ్చింది. "పో, బేగి పో. కొసన కేకెయ్యడానికి ఎవలో ఒకలుండాల" అని కసిరేడు తాత.

తూము తలుపు ఎత్తేరు. కాలవ గట్టు వెంట నీళ్లతో సమానంగా నడిచేను. దారిలో ప్రతి గండీ మూసే ఉంది. ముందు గడ్డిపరకలు, నురగ, ఆ వెనక ఎర్రటి నీరు. కొస మడి తడిసింది, కాళ్ల కింద నేల మెత్తబడింది. కొసవాళ్లంతా గట్ల మీద నిలబడ్డాం. ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుంటున్నాం. ఆ కేక ఆవిడది. తీసుకోడానికి ఎవరికీ మనసొప్పలేదు. తమ్ముడి ఫోను మోగింది. తూము దగ్గర్నుంచి తాత. "ఏట్రా, అందిందా లేదా? ఫోన్లో సెప్పకు, సెల్లదు!" అని పెట్టేసేడు.

అందరూ నాకేసి చూసేరు. అత్త నిలబడే చోటుకి వెళ్లి, చెప్పులు విప్పి, నీళ్లలో నిలబడ్డాను. ఊపిరి పీల్చుకుని, నా గొంతు ఎంత ఉందో అంతా పెట్టేను.

"అందిందీ!"

పై మడిలో నారు తీస్తున్న ఆడవాళ్లు నడుమెత్తి అందుకున్నారు. దాని పైవాళ్లు అందుకున్నారు. చెరుకు తోట వెనకాల గొంతులు, మలుపు దగ్గర గొంతులు. కేక చిన్నదవుతూ తూము వైపు వెళ్లిపోయింది. అప్పుడు ఆ చివర్నుంచి, ఇన్నేళ్లలో ఒక్కసారీ పలకని మనిషి బొంగురు గొంతు వినపడింది.

"ఇన్నామే!"

నీళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మడి నిండి, సమాధుల తోట కిందున్న గట్టు దాకా వెళ్లి, దాన్ని తాకి ఆగేయి. గట్టు నిలబడింది.