మా మేనత్త నూతి నీళ్ళు

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున్న డయాలసిస్ కోసం విశాఖపట్నం బయల్దేరి, పూండి స్టేషన్ బెంచీ మీద, రైలు రాకముందే పోయింది. నేను టెక్కలి బడిలో పాఠం చెబుతుండగా కబురొచ్చింది. ఇది చదివేవాళ్ళలో కొందరు ఆమె చేతి నీళ్ళు తాగినవాళ్ళే. ఆమె ఎవరో మీకు తెలియకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

ఉద్దానంలో సముద్రానికి పోయే దారి పక్కనే, జీడితోటకి ఆనుకుని ఆమె ఇల్లు. తొంభైల చివర్లో కార్తీకమాసం పిక్నిక్కులకని పలాస నుంచి జనం రావడం మొదలైంది. గుమ్మం ముందు ఏ బండి ఆగినా చెంబుతో ఎదురెళ్ళేది.

"ఉప్పుగాలికి నోరెండిపోతాది బావూ, తాగీసి ఎల్లండి" అనేది. చేదలో నీళ్ళు అడుగంటితే మళ్ళీ తోడేది. నడుం నొప్పి కదా, ఆదివారమైనా కూర్చోవచ్చు కదా అంటే, "నూతికి ఆదివారం ఏటిరా" అని నన్నే వెక్కిరించేది. పిక్నిక్కువాళ్ళు పారేసిన విస్తరాకులు ఏరుతూ తిట్టేది గానీ, దాహంతో ఎవరినీ పంపేది కాదు.

నేనో తెలివైనవాణ్ణి కదా, ఒక పత్రిక యాత్రల పేజీకి మా తీరం గురించి రాశాను. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రం, మధ్యలో కొబ్బరితోటలు. చివర్లో, మా అత్త నూతి నీళ్ళు తాగకుండా వెనక్కి వెళ్ళకండి అని కూడా రాశాను. ఆ ముక్క కత్తిరించుకుని వచ్చినవాళ్ళను నేనే చూశాను. అత్త మురిసిపోయింది.

తర్వాత ఆమె కాళ్ళు వాచాయి. విశాఖలో డాక్టరు ఏ ఊరని అడిగాడు. ఉద్దానం అనగానే ఇంకేమీ అడగలేదు. మా ఊళ్ళో అప్పటికే ఇంటికొకరు కిడ్నీలు పాడై మంచం పట్టారు. కారణం నీళ్ళేనా, మరొకటా అన్నది ఎవరూ తేల్చలేదు. సముద్రం దాకా తారురోడ్డు మాత్రం పడింది. తీరం చూడటానికి వచ్చేవాళ్ళ కోసం పడిన ఆ రోడ్డు మీదే మా రోగులు ఆటోల్లో స్టేషన్‌కి పోయారు. నాకు ఒళ్ళు మండదా?

ఉద్దానం రోగం సంగతి పత్రికల్లోకెక్కాక వచ్చేవాళ్ళు సీసా నీళ్ళు తెచ్చుకున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఒకావిడ అత్త చేతిలో చెంబు అందుకుని, ఆ నీళ్ళతో పిల్లల కాళ్ళకున్న ఇసుక కడిగి, ఖాళీ చెంబు తిరిగిచ్చింది. నేను గొడవకి లేచాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకోరా. తాగమని నువ్వు రాసినావు. తాగొద్దని ఎవుడు రాత్తాడు?"

రాశాను. యాత్రల పేజీలో రోగాల మాట ఎందుకండీ అని పత్రికవాళ్ళు వెనక్కి పంపారు. ఆ వేసవిలో నా పాత వ్యాసాన్నే, నూతి ముక్కతో సహా, నన్నడక్కుండా మళ్ళీ వేశారు. సిగ్గు లేనిది వాళ్ళకా, మొదట రాసిన నాకా అన్నది ఇప్పటికీ తెలియదు.

చెంబు అలా ఖాళీగా తిరిగొచ్చిన రోజు నుంచి అత్త దాన్ని లోపల పెట్టేసింది. బండి ఆగితే తలుపు వెనక్కి పోయేది. "నాకొచ్చిన రోగం ఆల్లకెందుకురా" అంది. ఆ తలుపు వెనక ఆమె నిలబడటం చూసినప్పుడే నాకు ఏడుపొచ్చింది. రోగం కన్నా అదే ఆమెను ఎక్కువ కుంగదీసిందని నేను నమ్ముతాను.

పెద్దకర్మ నాడు మధ్యాహ్నం ఒక కారు ఆగింది. అందులోంచి ఒకాయన ఖాళీ సీసాతో దిగి, "మంచినీళ్ళు పోస్తారా అమ్మా?" అని అత్త కోడల్ని అడిగాడు.

"లేవు బావూ" అంది కోడలు.

ఆయన పెరట్లో నూతి వైపు, దాని గట్టు మీద తడిసి ఉన్న చేద వైపు చూశాడు. ఖాళీ సీసాతోనే కారెక్కాడు. కారు సముద్రం వైపు తిరిగాక, కోడలు నూతి దగ్గరికి వెళ్ళి చేద వేసింది. చుట్టాలకి వంట కావాలి. రెండు చేదలు తోడి, ఆ నీళ్ళే ఎసరు పెట్టింది.