కాతారీ అంటే కత్తెర పని కాదు

మూడేళ్ల కిందటి వానాకాలంలో, మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచలోని ఒక శిక్షణ సంస్థలో టర్నర్ ట్రేడు నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా కాంట్రాక్టు మీద చేరాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. పాప పుట్టేదాకా అక్కడే పనిచేశాను. లేతు అనే మిషన్ మీద తిరిగే ఇనుప కడ్డీని ఉలిలాంటి టూలుతో చెక్కి కావలసిన కొలతకు తేవడం టర్నర్ పని.

అడ్మిషన్ ఫారంలో ట్రేడుల పేర్లు మరాఠీలో ఉండేవి. టర్నర్‌ను ‘కాతారీ’ అంటారు. తరగతుల మొదటి రోజు పాతగూడెం నుంచి శిరీష అనే అమ్మాయి తల్లితో వచ్చింది. చేతిలో కొత్త కత్తెర, మెడలో కొలతల టేపు. తల్లి వర్క్‌షాపు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏంది మేడం ఇది? కుట్టు మిషన్లు యాడున్నయ్?”

ఇది ఇనుము పని అని చెప్పాను.

“అయ్యో! కాతారీ అంటే కత్తెర పనే గదా అనుకున్నం!”

“నేను అప్పుడే అడిగిన గదనే అమ్మా,” అంది శిరీష. “పేర్లనే కత్తెర ఉన్నదని నువ్వే అంటివి.”

“నోర్ముయ్యి. పది పాసైంది నువ్వా, నేనా?”

ప్రిన్సిపాల్‌ను అడిగితే, కుట్టుపని ట్రేడులో ఒక సీటు ఉందనీ, ఆ సాయంత్రంలోగా మారవచ్చనీ, మారాక తిరిగి రావడం కుదరదనీ అన్నారు. ఇక్కడే ఉండి మధ్యలో మానేస్తే ఏడాది పోతుంది.

తల్లి నన్నే అడిగింది. “నువ్వే చెప్పు బిడ్డా. ఆడపిల్లకు ఇనుము పని ఎవడిస్తడు? సిరొంచల ఇసొంటి మిషన్లు ఎన్నున్నయ్?”

తక్కువే. పనికి నాగపూరో హైదరాబాదో పోవాలి. మరోవైపు, టర్నర్ రెండేళ్లు పూర్తిచేస్తే పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు, ఆ తర్వాత ఇంజనీరింగ్. రెండూ చెప్పాను. ఏది ముందు చెబితే దానివైపే మొగ్గుతారేమోనని భయం. రెండూ విన్నాక వాళ్లకు అయోమయం పెరిగిందే గాని తగ్గలేదు. నాకూ అంతే.

చివరికి శిరీష చేత చున్నీ తీయించి, ఏప్రన్ కట్టించి, కళ్లద్దాలు పెట్టించాను. తిరిగే మిషన్ వదులు బట్టను లాగేసుకుంటుంది. కడ్డీని చక్‌లో, అంటే దాన్ని పట్టి తిప్పే భాగంలో, తాళంచెవితో బిగించి, ఆ చెవి తీసేశాకే స్విచ్ వేశాను. టూలును కదిపే హ్యాండిల్ ఆమె చేతికిచ్చాను. ఇనుము సన్నగా చుట్టలు చుట్టుకుంటూ ఊడింది.

“ఉంటనే అమ్మా,” అంది.

“ఏం జూసి ఉంటవే?”

“కుట్టు మిషను ఇంట్ల ఉన్నది. ఇది లేదు గద.”

“మరి గీ కత్తెరేం జెయ్యాలె?”

“నీకే. రైకలు కుట్టుకో.”

తల్లి నా వైపు చూసింది. ఆమె గొణుక్కుంటూ బస్సెక్కింది. శిరీష రెండేళ్లూ పూర్తిచేసి డిప్లొమాలో చేరింది. ఆ రోజు లేతు నచ్చి ఉండిపోయిందో, కుట్టుపని ఇష్టంలేక ఉండిపోయిందో నాకు తెలియదు. ఆమెకైనా తెలుసని అనుకోను.

ఆ తర్వాతి ఏడాది నుంచి చేరడానికి వచ్చిన వాళ్లను ముందు వర్క్‌షాపుకు తీసుకెళ్లి, ఒక్కో మిషన్ నడిపి చూపించేదాన్ని. ఫారం ఆ తర్వాతే ఇచ్చేదాన్ని. కొందరు చూసి వెనక్కి వెళ్లిపోయారు. అదీ ఎంచుకోవడమే.