నా మెడ చూసుకుంటూ ఆయన్ని చూడని రోజులు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, దేవుడు నన్ను నా మెడ నుంచి విడిపించాడంటే మీలో కొందరు నవ్వుతారు, నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను, కానీ ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో నవ్వు లేదు.

ఈ మెట్టకూరు సంఘంలో ఆదివారం పాటలు ఎత్తుకునేది నేనేనని మీకు తెలుసు. పోయిన క్రిస్మస్ ఆరాధనను మా చెల్లెలు ఫోనులో వీడియో తీసి పంపింది, పాట బాగానే ఉంది గానీ గొంతు పైకెత్తినప్పుడల్లా నా మెడకు రెండు పక్కలా నరాలు తాళ్లలా ఉబ్బి కనిపించాయి. వెంటనే ఫోనులోనే వెతికాను, మెడ నరాలు ఉబ్బితే గుండె జబ్బు కావచ్చని ఉంది, అంతే, ఇక నేను పోతానని తేల్చేసుకున్నాను!

అప్పటినుంచి బైబిలు తెరవడం కన్నా అద్దం ముందు నిలబడటం ఎక్కువైంది. పాడటం మానేశాను, గట్టిగా ప్రార్థించడమూ మానేశాను. మా ఆయన దరియాలతిప్పలో రొయ్యల చెరువు పని ముగించుకుని గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఏవండీ, ఇలా చూడండి, ఉబ్బాయా?" అని మెడ చాపేదాన్ని. పాపం చెప్పులైనా విప్పకుండా ఫోను లైటు వేసి చూసి, "ఏం లేదే, ఊరికే బెంగెట్టేసుకోకు" అనేవారు. ఆ చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉండేవి, చెప్పులు బిగుతన్నారు, సరే అన్నాను. మంచం మీద పడుకోలేక కుర్చీలో కునికేవారు, గదిలో గాలాడటం లేదన్నారు, దానికీ సరే అన్నాను.

నా ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, నా మెడ చూడు, నా గుండె చూడు, నన్ను తీసుకుపోకు." అందులో మా ఆయన పేరు ఒక్కసారీ రాలేదని మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

చివరికి ఆయన్ని వెంటబెట్టుకుని కాకినాడలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. పరీక్షలన్నీ చేసి, "గొంతెత్తి పాడితే ఎవరికైనా ఉబ్బుతాయమ్మా, మీరు సన్నగా ఉన్నారు కాబట్టి ఇంకా బాగా కనబడతాయి, మీ గుండెకేం లేదు" అన్నారు. నేను స్తోత్రం అనబోయేలోగా డాక్టరుగారి చూపు నా ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర ఆయాసపడుతున్న మా ఆయన మీద పడింది. "మీరిలా కూర్చోండి, చొక్కా పై గుండీ తీయండి" అన్నారు. సహోదరులారా, ఆయన పాడటం లేదు, ఊరికే కూర్చున్నారు, అయినా మెడ నరం చెవి దాకా ఉబ్బి ఉంది! నాలుగు నెలలు నా మెడకు లైటు పట్టిన మనిషి మెడను నేను ఒక్కనాడూ చూడలేదు.

గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందని, ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పి అప్పటికప్పుడే చేర్చుకున్నారు. ఆసుపత్రి బెంచీ మీద నా ప్రార్థన మారింది: "తండ్రీ, నా మెడ సంగతి నీకే వదిలేశాను, ఈ మనిషిని నాకు ఉంచు." ఉంచాడు! దేవునికే మహిమ! తన కోసమైతే ఆసుపత్రి మెట్లెక్కే మనిషి కాదు మా ఆయన, నా ఉత్త భయాన్నే దారి చేసి ప్రభువు ఆయన్ని అక్కడికి నడిపించాడు. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నారు, ఉప్పు తగ్గించారు, అవే చెప్పులు వదులయ్యాయి.

భయంలో ఉన్నవారెవరైనా వింటుంటే ప్రభువును నమ్మండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి, ఆ తర్వాత అద్దం పక్కన పెట్టి మీ ఇంట్లో మనిషి వైపు ఒకసారి తిరగండి. ఇప్పుడు పాట ఎత్తుకుంటాను. నా మెడ నరాలు ఉబ్బుతాయి, ఉబ్బనివ్వండి. మా ఆయన మూడో వరసలో కూర్చున్నారు, పాడినంతసేపూ నేను ఆయన మెడే చూస్తాను.