ప్యో పెద్దమ్మ వరాల పంపకం

ప్యో బొంగ్‌నె పెద్దమ్మ కంటబడిన ఏ ఆడమనిషీ వరం లేకుండా ఇల్లు చేరలేదు. కొరియాలోని గున్సాన్ రేవులో ఎండుచేపల వీధి చివరనున్న క్రైస్తవ సంఘంలో ఆవిడ క్వన్సా, అంటే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు. దేవుడు ప్రతి స్త్రీలోనూ ఒక కృపావరం దాచాడనీ, దాన్ని తవ్వితీసి సానపట్టే పని తనకే అప్పజెప్పాడనీ ఆవిడ నమ్మకం. సంతలో పుచ్చకాయను చూసినట్టు ఎదుటి మనిషి గడ్డం పట్టి మొహం అటూ ఇటూ తిప్పేది. "నీది బోధించే వరం. ఆదివారం నుంచి మొదలుపెట్టు" అనేది. ఇక దానిమీద అప్పీలు లేదు.

ఏ దేశంలోనైనా రేవు ఊళ్ళ ఆడవాళ్ళు సముద్రపు గాలికి ఎదురు నిలబడి మాట్లాడీ మాట్లాడీ, నాలుగు గోడల మధ్యకు వచ్చినా అదే గొంతు వాడతారు. ప్యో పెద్దమ్మ ప్రార్థనలో రహస్యంగా ఎవరి పేరైనా తలిస్తే, ఆ పేరుగలావిడ వీధి అవతల నుంచి "వస్తున్నా!" అనేది.

గురి మాత్రం ఘనంగా తప్పేది. సరిగ్గా చెవులు వినపడని ఒకావిడకు ఓదార్చే వరముందని తేల్చి, దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ ఎవరి మాటకూ అడ్డు రాలేదు, ఎవరికీ సలహా చెప్పలేదు. ఊరంతా ఆవిడ దగ్గరికే పోయింది!

గుమోక్ దగ్గర మాత్రం ఈ అదృష్టమూ పనిచేయలేదు. దూరపు దీవి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన పిల్ల. మొగుడు నెలల తరబడి ఓడమీదే ఉంటాడు. పెద్దమ్మ మొదట పాడే వరం అంది. గుమోక్ కీర్తనను అందరితోపాటే మొదలుపెట్టి, ఎవరూ చేరని చోటికి చేరింది. తర్వాత బోధించే వరం అంది. పిల్లలంతా హాయిగా నిద్రపోయారు. బలిపీఠం దగ్గర పూలు అలంకరించమంటే, తుమ్మీ తుమ్మీ రేకలన్నీ రాల్చేసింది.

"పెద్దమ్మా, నాలో ఏమీ లేదు. దేవుడు పంచుతుంటే నేను ఎక్కడో నిలబడిపోయినట్టున్నాను. ఇకమీదట సంఘానికి రాను."

"రాక ఏం చేస్తావే?"

"ఇంట్లో ఉంటాను."

"ఇంట్లో ఎవరున్నారని?"

గుమోక్ తల తిప్పి రేవు వైపు చూసింది.

"రేపు ఇళ్ళ సందర్శనకు రా. అక్కడా ఏమీ తేలకపోతే నీ ఇష్టం, నిన్ను వదిలేస్తా."

వసంతకాలపు సందర్శన అంటే పాస్టరుగారూ ఆడవాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేయడం. ప్రతి ఇంట్లోనూ తినడానికి బల్ల సిద్ధంగా ఉంటుంది. అనుభవజ్ఞులు ముక్క కొరికి, ఆహా అని, తర్వాతి ఇంటికి పొట్ట దాచుకుంటారు. ఈ సంగతి గుమోక్‌కు ఎవరూ చెప్పలేదు. మొదటి ఇంట్లోనే బియ్యపు రొట్టెల పళ్ళెం ఖాళీ చేసింది.

"అమ్మాయ్, ఇంకా ఇళ్ళున్నాయమ్మా" అని పాస్టరుగారు గొణిగారు.

"పెట్టింది వదిలేస్తే మా దీవిలో తిట్టినట్టు లెక్కండీ."

చివరి ఇల్లు 'నా' అనే ఇంటిపేరుగల ఒక మామ్మది. ముసలాయన పోయినప్పటి నుంచి ఆవిడ సరిగా పొయ్యి వెలిగించలేదు. ఎవరు గంజి తెచ్చినా "ఆకలి లేదు" అని తిప్పిపంపేది. ఆ రోజు మర్యాద కోసం చల్లారిన అన్నమూ కాస్త కిమ్చీ పచ్చడీ పెట్టింది. అందరూ కొరికి, ఆహా అన్నారు. గుమోక్ గిన్నె ఊడ్చేసింది.

"మామ్మా, ఇంకాస్త అన్నం ఉందా?"

పాస్టరుగారు సిగ్గుతో కళ్ళు మూసుకుని మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టారు.

మామ్మ గుమోక్‌ను ఎగాదిగా చూసింది. "ఉత్త కిమ్చీతో ఎలా తింటావే? ఆగు." మోకాళ్ళు పట్టుకుని లేచింది. పొయ్యి వెలిగింది. చూరుకు వేలాడుతున్న ఎండుచేప దిగింది. "ముల్లు చూసుకో. మెల్లిగా, ఎవరూ తరమడంలేదు" అంటూ, ఉప్పు సరిపోయిందో లేదోనని తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత ఉప్పు సంగతి మరిచి ఇంకో ముక్క వేసుకుంది.

"రేపు మధ్యాహ్నం రా. ఆల్చిప్పల పులుసు పెడతా."

బయటికి రాగానే పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "క్వన్సా గారూ, లేఖనాల్లో తినే వరం ఎక్కడా లేదు."

"మీరు ముక్క కొరికి లేచిపోతుంటే ఎలా దొరుకుతుందండీ?"

గుమోక్ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "నిజం చెప్పండి. నేను పాడగలననే అనుకున్నారా?"

"నాకేం చెవుల్లేవా? నువ్వు నోరు తెరిస్తే రేవులో ఓడలు బదులు పలికాయి."

"మరి ఎందుకు పెట్టారు?"

"బుధవారం సాయంత్రం పాటల సాధన. శుక్రవారం పూలు. శనివారం పిల్లల క్లాసు. అంతకుముందు ఆ సాయంత్రాలన్నీ నువ్వు కిటికీ దగ్గర కూర్చుని సముద్రాన్ని చూసేదానివి. మా డాబా మీదికి అంతా కనిపిస్తుందే పిల్లా. వరం సంగతి దేవుడు చూసుకుంటాడు. ముందు నిన్ను ఆ కిటికీ దగ్గర్నించి లేపాలిగా!"

మర్నాడు గుమోక్ వెళ్ళేసరికి మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంతాలస్యమా? పులుసు చల్లారిపోతోంది. నీ మొగుడు ఓడ దిగాక వాణ్ణీ తీసుకురా. బాగా తింటాడా?"

గుమోక్ చెప్పులు విప్పి, లోపలికి అడుగుపెట్టి, సంఘంలో ఏనాడూ పలకనంత ధీమాగా చెప్పింది.

"తింటాడు కానీ మామ్మా, నా అంత కాదు."