తిరిగి పలికిన తరగతి

కరోనా తర్వాత బడులు తెరిచిన మరుసటి ఏడాది, దసరా సెలవులు ముగిసిన వారంలో, బాన్సువాడ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పరీక్ష పెట్టడానికి నన్ను ముఖ్య పరీక్షకురాలిగా వేశారు. అప్పటికి నేను బాన్సువాడలోనే ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుని. అంటే పై తరగతులకు ఒక్క సబ్జెక్టే చెప్పే టీచర్ని. పదవీ విరమణ దగ్గర పడింది. ఇలాంటి డ్యూటీలు దగ్గర పడ్డవాళ్లకే వేస్తారు, ఎదురు చెప్పే ఓపిక ఉండదని కాబోలు. నా విషయంలో వాళ్ల లెక్క తప్పింది.

అది మామూలు పరీక్ష కాదు. వ్యాసాలు, వ్యాకరణం ఏవీ ఉండవు. వినడం, చదవడం, ఈ రెండే. వినే పరీక్షలో పెన్‌డ్రైవ్‌లో పంపిన ఆడియోని స్పీకర్లో రెండుసార్లు వినిపిస్తాం. తర్వాత ప్రశ్నలు ఇస్తే పిల్లలు సరైన జవాబుకు గుర్తు పెడతారు. చదివే పరీక్షలో ఒక పేజీ కథ ఇస్తాం, లోలోపల చదువుకుని అలాగే గుర్తులు పెట్టాలి. ఆడియోలు సెట్ ఏ, సెట్ బి అని రెండు. కరెంటు పోయినా, స్పీకర్ మొరాయించినా సెట్ ఏ వదిలేసి సెట్ బి తీయాలి. మొదలైన ఆడియోని మధ్యలో ఆపకూడదు. ఆ బళ్లో ఇంగ్లీషు చెప్పే టీచరు పరీక్ష గదిలో ఉండకూడదు. పిల్లలు నోరెత్తితే గది రద్దు, అంటే ఆ గది పరీక్ష లెక్కలోకి రాదు. ఇవన్నీ సూచనల పుస్తకంలో రాసి ఉన్నాయి, నాకు కంఠతా వచ్చు.

పిల్లల్ని పాస్, ఫెయిల్ చేయడానికి కాదు, బడి ఏ మెట్టు మీద ఉందో చూడటానికే ఈ పరీక్ష అని శిక్షణలో చెప్పారు. వినడానికి బాగానే ఉంది. కానీ అదే వారం ఇంకో కబురు వచ్చింది. ఖాళీ పోస్టుల్లో ఏడాదికోసారి కొనసాగింపు మీద పనిచేసే విద్యా వాలంటీర్లు ఉంటారు కదా, వాళ్లను మళ్లీ తీసుకోవాలా వద్దా అన్నది ఈ ఫలితాలు చూసి తేలుస్తారట. నాకు ఒళ్లు మండింది. థర్మామీటరు తెచ్చి దాంతోనే మనిషిని కొట్టడం ఏమిటి?

మా జట్టులో నాతో పాటు గంగాధర్ సార్ ఉన్నారు. మద్నూర్ మనిషి, ఇంట్లో మరాఠీ, బళ్లో ఇంగ్లీషు, నాతో తెలుగు. మంచివాడు, కానీ సూచనల పుస్తకంలో లేని దారిన ఒక్క అడుగు వేయడు. ఆయన బండి మీదే వెళ్లాం. కోటగిరి పోయే దారిలో కాలువ పక్కన ఒక ఊరు. నేనూ అలాంటి ఊళ్లోనే పుట్టాను. మా తాత గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్లు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. మాలాంటి వాళ్ల వాడల్ని ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. వరి కోతల రోజులు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. గంగాధర్ సార్ వాటి పక్కనుంచి పిల్లి నడకలా బండి నడుపుతుంటే, పొలాల మీది పొగమంచులో హార్వెస్టర్లు కనబడకుండా మోత మాత్రం వినిపిస్తోంది. గడ్డి వాసన, తడి మట్టి వాసన. నాకు కళ్లు మూతలు పడ్డాయి. నిద్ర కాదు అది, ఎందుకో మనసు తేలిపోయింది.

బడి గేటు దగ్గర సుజాత ఎదురొచ్చింది. ఆ బళ్లో ఇంగ్లీషు చెప్పే విద్యా వాలంటీరు. పిట్లం దగ్గర పుట్టిల్లు, ఈ ఊరికి కోడలుగా వచ్చింది. నమస్తే పెట్టిన చేతులు చల్లగా ఉన్నాయని తాకకుండానే తెలుస్తోంది. భర్తకు ఏడాదిగా ఆరోగ్యం బాగోలేదని, ఆ ఇల్లు ఈమె పని మీదే నడుస్తోందని హెడ్‌మాస్టర్ నా చెవిలో వేశారు. ఆ మాట నాకెందుకు చెప్పారో అర్థమైంది. విననట్టే ఉండిపోయాను. అప్పటికి అంతకన్నా చేయగలిగింది లేదు.

సుజాతని వరండాలోకి పంపి తలుపు వేశాం. హార్వెస్టర్ మోత రాకుండా రోడ్డు వైపు కిటికీలు కూడా మూశాం. గది సగం చీకటైంది. వరండా వైపు కిటికీ ఒక్కటి తెరిచి ఉంది, దాంట్లోంచి పడ్డ ఎండలో గడ్డి నలకలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. క్యాంపు పిల్లలు, ఊళ్లో రైతుల పిల్లలు, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలు, అందరూ ఒకే బెంచీల మీద. సెట్ ఏ పెట్టాను.

"ది ట్రైన్ వాజ్ లేట్," అంది స్పీకర్లో ఒక ఆడగొంతు.

ఆ ఆడియోల్లో ప్రతి వాక్యం తర్వాత కాస్త ఖాళీ ఉంటుంది. విన్నది మనసుకు పట్టడానికి వదిలిన ఖాళీ అది. ఆ ఖాళీలోకి, ఒక్క గొంతులా, తరగతి మొత్తం పలికింది.

"ది ట్రైన్ వాజ్ లేట్!"

గంగాధర్ సార్ కుర్చీలోంచి లేచారు. నేను స్పీకర్ వైపు చెయ్యి చాపి ఆగిపోయాను. మొదలైన ఆడియోని ఆపకూడదు. వర్షం పడుతోందని, ఒక అమ్మాయి తెలియని స్టేషన్లో దిగిందని, ఆ ఆడగొంతు చెప్పుకుంటూ పోతోంది. ఒక్కో వాక్యం వెనకాల పిల్లలు అందుకుంటూనే ఉన్నారు. అల్లరి కాదు. కళ్లల్లో వత్తులు వేసుకుని, వేలు గడ్డానికి ఆనించుకుని, ఎంతో శ్రద్ధగా అంటున్నారు. మా బాన్సువాడకు రైలు లేదు. రైలు ఎక్కని పిల్లలే ఎక్కువమంది ఉండి ఉంటారు. వాళ్లందరూ కలిసి, ఆ చీకటి గదిలో, వానలో ఆగిన ఒక రైలుని పిలుస్తున్నట్టు అనిపించింది. నేను ఎన్నో ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఆ భాష అంత అందంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఏ ఊళ్లో ఉన్నానో, ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను.

అప్పుడు కిటికీ వైపు చూశాను. వరండాలో సుజాత రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. లోపలికి రాకూడదు, సైగ చేయకూడదు. పిల్లలు ఒక్కో వాక్యం అంటుంటే ఆమె కళ్లు గట్టిగా మూసుకుంటోంది.

రెండోసారి వినిపించాను. రెండోసారీ అలాగే అన్నారు, ఇంకా హుషారుగా.

ఆడియో ముగిశాక గంగాధర్ సార్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "గది రద్దు అని రాయాలె మేడం," అన్నారు. నేను సెట్ బి పెడతానన్నాను. "మిషన్ ఖరాబైతే సెట్ బి. మిషన్ మంచిగనే ఉంది గదా." ఆయన మాటలో తప్పు లేదు. "మిషన్ ఒక్కటే చెడిపోతుందా సార్? మనం ఇచ్చే సూచన చెడిపోకూడదా? ముఖ్య పరీక్షకురాలిని నేను, నా పేరు మీదే పెడతాను," అన్నాను. నా గొంతు కాస్త లేచింది. ఆయన చేతులు కట్టుకుని పక్కకు జరిగారు.

ముందు పిల్లల్ని మామూలుగా మందలిద్దామని, "లిసెన్ సైలెంట్లీ," అన్నాను.

"లిసెన్ సైలెంట్లీ!" అంది తరగతి.

"నో, నో. డోంట్ రిపీట్."

"నో, నో. డోంట్ రిపీట్!"

అయ్యో రామా! గంగాధర్ సార్ గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ ఆగలేదు. ముందు బెంచీలో మమత అనే అమ్మాయి, రెండు జడలు, మమ్మల్ని చూసి భయంగా అడిగింది: "ఏందీ మేడం, మేం తప్పు జెప్పినమా?"

నవ్వు అక్కడే ఆగిపోయింది. "తప్పు కాదు బిడ్డా," అన్నాను, ఈసారి తెలుగులో. "మీరు మస్తు మంచిగ జెప్పిండ్రు. గని గీ పరీక్షల వినుడు ఒక్కటే ఉంటది. మనసులనే అనుకోండ్రి, నోటితోని అనొద్దు. సరేనా?"

"టీచర్ ఇంగ్లీష్ల చెప్తే మేం అంటం గదా మేడం," అంది మమత, నాకే పాఠం తెలియనట్టు. "గీ పెట్టెల మేడం గూడ మా కోసమే ఆగుతుంది గదా!"

ఆ ఖాళీ ఎందుకు వదిలారో నాకు శిక్షణలో చెప్పారు. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

సెట్ బి పెట్టాను. సముద్రం ఒడ్డున దీపస్తంభం, దాన్ని కాసే ఒక ముసలాయన. ఈసారి గదిలో శబ్దం లేదు. ప్రతి వాక్యం తర్వాత పిల్లల పెదాలు మాత్రం కదిలాయి. అన్ని పెదాలూ ఒకేసారి కదిలి ఒకేసారి ఆగాయి. నీళ్ల అడుగున ఉన్నట్టుంది ఆ గది. గంగాధర్ సార్ చేతిలోని పుస్తకం తిరగేసి మూసేశారు. పెదాలు కదపకూడదని సూచనల పుస్తకంలో ఎక్కడా లేదు మరి.

చదివే పరీక్ష కూడా అయిపోయాక బయటికొచ్చాను. సుజాత ఏడ్చిన జాడ ముఖం మీద ఉంది. సంజాయిషీ చెప్పుకోబోయింది, నేనే అడిగాను, పిల్లలతో ఇలా అనిపించడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని.

"నేర్సుకునుడు ఏం లేదు మేడం. బడి తెరిసినప్పుడు ఒక్కరు గూడ నోరు తెర్వకపోతుండ్రి. ఒక్కల్ని లేపి సదువుమంటే సిగ్గుతోని సచ్చిపోతుండ్రి. అందరు కలిసి అంటే ఎవ్వలిది తప్పో తెల్వదు గదా. అట్ల షురూ జేసిన. ఇప్పుడు ఆపుమన్నా ఆపుతలేరు." ఆపైన, "నా పని పోతే పాయె గని మేడం, పిల్లలకు ఏం రాదని మాత్రం రాయకుండ్రి," అంది.

ఆ సాయంత్రమే పేపర్లు దిద్దాం. వినడంలో ఆ తరగతి, అప్పటిదాకా మేము చూసిన బడుల్లో పై వరుసలో నిలిచింది. చదవడంలో మధ్యరకం. మమతకు వినడంలో ఒక్క తప్పూ లేదు. నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాను. సెట్ ఏ ఎందుకు చెడిందో, సెట్ బి ఎందుకు పెట్టానో, పిల్లల మార్కులేమిటో అన్నీ. గంగాధర్ సార్ కింద సంతకం పెట్టి, తన చేత్తో ఒక ముక్క చేర్చారు: పిల్లలది అల్లరి కాదు, అలవాటు అని. ఆయన నుంచి నేను అంత ఆశించలేదు.

పై ఆఫీసులో నివేదిక చదివిన అధికారి చిన్న వయసు మనిషి, మర్యాదస్తుడు. యంత్రం చెడితే తప్ప సెట్ బి లెక్కలోకి రాదన్నాడు. నేను వాదించాను. రెండుసార్లు వెళ్లి వాదించాను. ఆయన టీ తెప్పించాడు, అంతా విన్నాడు, నాతో ఏకీభవించాడు కూడా. కానీ కంప్యూటర్లో ఆ బడి ఎదురుగా గది రద్దు అనే నమోదైంది. రద్దయిన గది ఉన్న బడికి ఫలితం లేదు. ఫలితం లేని చోట వాలంటీరుకు కొనసాగింపు లేదు. జూన్‌లో సుజాత పోస్టు పోయింది. 

నా వాదన ఒక్క చోట పనిచేసింది. మరుసటి ఏడు సూచనల పుస్తకంలో ఒక కొత్త వాక్యం వచ్చింది. అసలు పరీక్షకు ముందు ఒక మాదిరి వాక్యం వినిపించాలి, పిల్లలు తిరిగి పలికితే వాళ్లకు తెలిసిన భాషలో విషయం చెప్పి, అప్పుడే మొదలుపెట్టాలి అని. శిక్షణలో నన్నే లేపి దాన్ని వివరించమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పరీక్ష పెట్టిన ఊళ్లలో, మాదిరి వాక్యం దగ్గరే పిల్లలు కోరస్ అందుకున్న గదులు ఇంకొన్ని తగిలాయి. చెప్పగానే ఆపారు. వాటిలో ఒక్కటీ రద్దు కాలేదు.

రిటైరయ్యాక ఒకసారి బాన్సువాడ బస్టాండులో సుజాత కనిపించింది. టౌన్లోనే ఒక ప్రైవేటు బళ్లో చేరింది, వాళ్లిచ్చిన యూనిఫాం చీరలో ఉంది. భర్త కోలుకున్నాడట. బడి ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉంది మేడం. పిల్లలు మస్తు సైలెంట్. గీడ అనిపిస్తే పక్క క్లాసుకు డిస్టర్బ్ అంటరు," అంది. తర్వాత నవ్వింది. "దినమంత నేనొక్కదాన్నే మాట్లాడుత."

పిల్లలు ఎలా నేర్చుకున్నారో తెలియకుండా వాళ్లకు ఏం వచ్చో కొలవలేం. ఇప్పుడిది శిక్షణలో మొదటి పూటే చెబుతున్నారట. ఇది మేము నేర్చుకోవడానికి ఒక టీచరు ఉద్యోగం ఖర్చయింది.